తీగల మీదికి వంగిన కొబ్బరిచెట్టు

నేను పిరికిదాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే చివరికొచ్చేసరికి నేనేదో ధైర్యవంతురాలినని మీరు పొరబడే ప్రమాదం ఉంది. కప్పకి భయపడతాను, ఉరుముకి భయపడతాను, పడవ ఎక్కేటప్పుడు అది కాస్త కదిలినా భయపడతాను. గోదావరి మధ్య లంకలో పుట్టినదానికి పడవంటే భయమేమిటని మా పుట్టింట్లో అందరూ ఆటపట్టించేవారు. కానీ కొత్తపేటలో కాపురానికి వచ్చిన కొత్తల్లో కరెంటు తీగలంటే నాకు పట్టుకున్న భయం ముందు ఇవన్నీ కలిపినా ఒక లెక్క కాదు.

స్వరాజ్యం వచ్చి కొన్నేళ్ళయిన రోజులు. మా వీధికి కరెంటు వచ్చి ఏడాది కూడా కాలేదు. ఇళ్ళలోకి ఇంకా చాలామంది పెట్టించుకోలేదు కానీ వీధి పొడుగునా స్తంభాలు నిలబెట్టి, వాటి మీద వట్టి తీగలు లాగేశారు. కరెంటు గురించి మా వీధివాళ్ళు మాట్లాడుకుంటుంటే కొత్తవాళ్ళు కాలవ గురించేమో అనుకునేవారు. “ఇవాళ ఇంకా వదల్లేదండీ”, “తెల్లారకుండానే కట్టేసేరండీ” అనేవారు. సాయంత్రం దీపాల వేళకి వీధిలో బల్బులు వెలిగేవి, తెల్లవారేసరికి ఆరిపోయేవి. పగలంతా ఆ తీగలు ఎండాకాలం కట్టేసిన కాలవలాంటివే అని అందరికీ గట్టి నమ్మకం. నిజానికి మొదట్లో అలాగే ఉండేదట కూడా.

నాకు మాత్రం పగలైనా రాత్రైనా వాటిని చూస్తే ఒళ్ళు జలదరించేది. దానికి కారణం ఒక గబ్బిలం. మా గుమ్మానికి ఎదురుగా ఉన్న స్తంభం దగ్గర, రెండు తీగల మధ్య రెక్కలు చాపుకుని చచ్చి వేలాడుతూ ఉండేది. ఎవరూ తీసెయ్యలేదు. ఎండకి ఎండి, వానకి తడిసి అలాగే ఉంది. పొద్దున్నే ముగ్గు వెయ్యడానికి వాకిట్లోకి వచ్చినప్పుడల్లా తల ఎత్తకూడదనుకుంటూనే ఎత్తేదాన్ని. చూశాక ముగ్గులో ఒక గీత వంకర పోయేది. “మా కోడలి ముగ్గుకి కూడా పడవ ప్రయాణమంటే భయమే” అని మా అత్తగారు వెక్కిరించేవారు.

ఆవిడ నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. అయితే ఆవిడకీ ఒక భయం ఉంది. అది మా ఇంటి ముందున్న కొబ్బరిచెట్టు.

మా అత్తవారి వైపు ఒక ఆచారం ఉంది. మగపిల్లాడు పుట్టి పేరు పెట్టిన రోజున తల్లి తన చేతులతో ఒక కొబ్బరిమొక్క నాటుతుంది. మూడు గుప్పిళ్ళ మట్టి వేస్తూ, వేసినప్పుడల్లా బిడ్డ పేరు మొక్కకి వినబడేలా పైకి చెబుతుంది. ఆనాటినుంచీ ఆ చెట్టు ఎలా ఉంటే బిడ్డ అలా ఉంటాడని వాళ్ళ నమ్మకం. మా బావగారి చెట్టు దొడ్డివైపు నిటారుగా, ఆయనలాగే కాస్త పొగరుగా నిలబడి ఉండేది. ఆయన తరువాత ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారట. ఆపైన పుట్టి నిలిచినవారు మా వారు. ఆయన చెట్టుని అత్తగారు కళ్ళెదురుగా ఉండాలని వీధి అరుగు పక్కనే నాటుకున్నారు. ఆయనకి పదేళ్ళప్పుడు పెద్ద గాలివాన వచ్చి ఆ చెట్టు వీధివైపు ఒరిగిపోయింది. ఆ ఏడే ఆయనకి సన్నిపాత జ్వరం వచ్చి, బతకడని వైద్యుడు చెయ్యి వదిలేశాడట. ఆవిడ ఒరిగిన చెట్టుకి వాసం పోటు పెట్టి, మొదట్లో మట్టి ఎత్తించి, రోజూ నీళ్ళు పోసుకుంటూ కూర్చున్నారు. చెట్టు నిలిచింది, కొడుకూ నిలిచాడు. ఇక ఆవిడకి ఎవరు ఏం చెప్పగలరు?

కరెంటువాళ్ళు తీగలు లాగినప్పుడు ఆ చెట్టు తల తీగలకి బాగా పైనే ఉంది. కానీ మట్టలు పెరుగుతాయి కదా. గెలలు బరువెక్కి చెట్టు ఇంకాస్త వంగింది. నేను కాపురానికి వచ్చేనాటికి గాలి వీస్తే చాలు, మట్టలు తీగలకి తగిలేవి. సాయంత్రం బల్బులు వెలిగాక తగిలితే చిటపటమని నీలంరంగు నిప్పురవ్వలు రాలేవి. నేను ఇంట్లోకి పరిగెత్తి వంటింటి మూల కూర్చునేదాన్ని. మా వారు మాత్రం అరుగు మీద నిలబడి చోద్యం చూసేవారు. ఆయన కొబ్బరికాయల కమిషను కొట్లో పని చేసేవారు. ఇంట్లో ఒక్క బల్బు పెట్టించుకోవాలని ఆయనకి మహా సరదాగా ఉండేది.

ఒకనాడు లైన్‌మాన్ వచ్చి చెట్టు వంక చూసి పెదవి విరిచాడు.

“ఇది తీయించకపోతే మీ ఇంటికి కనెక్షను సంగతి దేవుడెరుగు, వీధిలో ఎవరి మీదన్నా తీగ తెగి పడుద్దండీ. నాకు కబురు పెట్టండి. నేను వచ్చి లైను ఆపేకే గొడ్డలి పట్టుకోండి.”

“ఆయ్, అలాగేనండీ” అన్నారు మా వారు.

లోపల్నుంచి అత్తగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. “దేనికి తగులుతుందో మీరు ముందూ వెనకా చూసుకుని పాతలేదా నాయనా స్తంభాలు? నా చెట్టు ముందొచ్చిందా, మీ తీగ ముందొచ్చిందా?”

లైన్‌మాన్ సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆ తరువాత మా ఇంట్లో రెండు భయాలు కాపురం చేశాయి. చెట్టు ఉంటే తీగ తెగి మా వారి మీద పడుతుందని నా భయం. చెట్టు పోతే మా వారు పోతారని ఆవిడ భయం. ఇద్దరం భయపడేది ఒక్క మనిషి కోసమే. అయినా నేను తీగ వైపు, ఆవిడ చెట్టు వైపు నిలబడ్డాం. కొత్త కోడలిని కనుక నేను నోరెత్తేదాన్ని కాదు. ఆవిడకి మాత్రం నా మొహం చూస్తే తెలిసిపోయేది. పప్పు రుబ్బుతూ ఉన్నట్టుండి, “నాకు తెలీదనుకోకు. నువ్వు కూడా కొట్టించెయ్యాలనే అనుకుంటున్నావు” అనేవారు. నేను తల వంచుకునేదాన్ని.

ఆశ్వయుజంలో వాయుగుండం పడింది. ఆకాశం బూడిదరంగు తిరిగి, గాలి ఆగకుండా వీచింది. ఆ సాయంత్రం మట్ట ఒకటి రెండు తీగలనీ కలిపి కొట్టింది. పెద్ద మెరుపు మెరిసి, వీధి బల్బులన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. అప్పుడే కొట్టునుంచి వస్తున్న మా వారు సరిగ్గా ఆ చెట్టు కింద ఉన్నారు. చీకట్లో ఆయన ఏమయ్యారో కనబడలేదు. “నేను బాగానే ఉన్నానే అమ్మా” అని ఆయన గొంతు వినబడేదాకా అత్తగారూ నేనూ ఒకరి చేతులొకరం పట్టుకుని ఉన్నాం. ఆవిడ గోళ్ళు నా మణికట్టులో దిగబడ్డాయి. రాత్రికి బల్బులు మళ్ళీ వెలిగాయి.

మర్నాడు పొద్దున్న ఆవిడే పురోహితుడిగారికి కబురు పెట్టించారు. చెట్టు కొట్టడానికి దోషం లేని రోజు చూడమన్నారు. మూఢం వచ్చేస్తోందనీ, ఎల్లుండి పొద్దున్న దాటితే మళ్ళీ చాలాకాలం మంచిరోజు లేదనీ ఆయన చెప్పారు. లైన్‌మాన్ కోసం వెళ్తే అమలాపురం వైపు స్తంభాలు పడిపోయాయని అక్కడికి వెళ్ళాడన్నారు. ఎప్పుడొస్తాడో తెలియదు.

“ఆయన లేకపోతే ఏవండీ?” అన్నారు మా బావగారు అరుగు మీద కూర్చుని. “పొద్దుటిపూట కొట్టిస్తాం. పగలు తీగలో ఏవుంటుంది? పోనీ పగలు కూడా వదులుతున్నారే అనుకోండి, ఊరికి చెప్పొద్దూ? కాలవ వదిలితే టముకు వేయిస్తారు. కరెంటు వదిలితే వేయించరా?”

వీధిలోవాళ్ళందరికీ ఆ మాట సబబుగానే తోచింది. తలుపు వెనక నిలబడిన నాకు గబ్బిలం గుర్తొచ్చింది. కానీ అది రాత్రి తిరిగే జీవం కదా, రాత్రే చచ్చి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. 

చెట్టు కొట్టడానికి ముందురోజు చేసే పని ఒకటుంది. కొబ్బరిపీచుతో పేనిన లావుపాటి మోకుని కాలవలో నానవేస్తారు. పొడి మోకు ఒరుసుకుని తెగుతుంది, ముడి జారుతుంది. నానితే బిగుసుకుని చెట్టుని పట్టుకుంటుంది. తరతరాలుగా మా వైపు అందరూ చేసేది అదే. అత్తగారే దగ్గరుండి మోకు నానవేయించారు. కొడుకు చెట్టు నెమ్మదిగా, ఇంటిపక్క ఖాళీ జాగాలోకి, ఎవరికీ దెబ్బ తగలకుండా ఒరగాలని ఆవిడ తాపత్రయం. పొద్దున్నే మోకు తెచ్చి వాకిట్లో పడేస్తే చుట్టూ మడుగు కట్టింది.

ఆవిడ తలంటుకుని వచ్చి, చెట్టు మొదట్లో పసుపునీళ్ళు కుమ్మరించారు. బొట్టు పెట్టారు. చెట్టుని కావలించుకుని ఏదో గొణిగారు. ఏడుస్తారేమోనని చూశాను, ఏడవలేదు. పెదవులు మాత్రం తెల్లగా పాలిపోయి ఉన్నాయి. “ఇహ కానివ్వండి” అని వచ్చి అరుగు మీద కూలబడ్డారు.

దింపు తీసే ఆయన, అంటే మా చెట్లెక్కి కాయలు దింపే మనిషి, నడుముకి కత్తి దోపుకుని, మోకు కొస భుజాన వేసుకుని పైకెక్కాడు. ముందు ఇంటివైపు గెలలు, మట్టలు నరికి కింద పడేశాడు. తరువాత మోకుని చెట్టు మెడకి కట్టి, మిగతాది కిందికి జారవిడవాలి. ఆ కొస పట్టుకుని మనుషులు ఆ జాగావైపు లాగుతూంటే బావగారు మొదలు నరికిస్తారు. మోకు అందుకోవడానికి ముందు నిలబడింది మా వారే. ఉత్త కాళ్ళతో పసుపునీళ్ళ బురదలో నిలబడి, పైకి చూస్తూ నవ్వుతున్నారు. ఇంట్లో బల్బు వెలగబోతోందని ఆయన ఆనందం.

నేను వీధిగది కిటికీ ఊచలు పట్టుకుని చూస్తున్నాను. బావగారు వాకిట్లో ఉంటే కోడళ్ళు గుమ్మం దాటి రాకూడదు, గొంతు వినిపించకూడదు.

చెట్టు తలలో కాపురముండే ఉడత ఒకటి ఆ అలజడికి బెదిరి, వీధివైపు మట్ట మీదుగా పరిగెత్తింది. మట్ట చివర తీగని ఆనుకుని ఉంది. ఉడత ముందుకాళ్ళు తీగ మీద వేసింది. చిట్‌మని చిన్న శబ్దం. అంతే, కర్రలా బిగుసుకుపోయి దబ్బున రోడ్డు మీద పడింది. దాని తోకలోంచి సన్నగా పొగ వస్తోంది. అందరూ చెట్టు మీది మనిషిని చూస్తున్నారు, ఉడతని చూసింది నేనొక్కదాన్నే.

పట్టపగలు. ఎండ లేకపోయినా పట్టపగలే.

 అప్పటికే పైనుంచి మోకు జారుతోంది. గాలికి ఊగి, ఇంటివైపు పడాల్సింది వీధివైపు పడి, తీగల మీదుగా వేలాడింది. నీళ్ళు కారుతూ ఉంది. “అటు పోయిందండీ, అందుకోండి” అని బావగారు కేకేశారు. మా వారు చెయ్యి చాపుకుని వేలాడుతున్న కొస వైపు పరిగెత్తారు.

“ఏవండీ!” అని అరిచాను. గాలికీ, మనుషుల గోలకీ అది ఆయనకి చేరలేదు. అయినా వాకిట్లో ఉన్న ప్రతి మగవాడినీ వాళ్ళావిడ ఏవండీ అనే పిలుస్తుంది, ఎవరు తిరిగి చూస్తారు? మళ్ళీ అరిచాను. ఆయన చేతికీ మోకుకీ మధ్య మూరెడు దూరం ఉంది.

అప్పుడు ఆయన పేరు పెట్టి పిలిచాను.

ఇప్పటి పిల్లలకి ఇందులో ఏముందో అర్థం కాదు. ఆ రోజుల్లో భార్య నోట భర్త పేరు వస్తే ఆయన ఆయుష్షు తరిగిపోతుందని మాకు ఊహ తెలిసినప్పటినుంచీ నూరిపోశారు. అదే పేరున్న దేవుడిని కూడా వేరే పేరుతో తలుచుకునేదాన్ని. అలాంటిది గొంతు చీరుకుపోయేలా, బావగారి ఎదుట, వీధి వీధంతా వినేలా అరిచాను.

అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఆయన చాపిన చెయ్యి చాపినట్టే ఉంచి, కిటికీ వైపు తిరిగి నోరు తెరుచుకుని చూశారు. “ముట్టుకోకండి! తీగలో ఉంది!” అన్నాను.

నా మాట పూర్తి కాకుండానే తడిమోకు తీగ మీద పడ్డచోట బుసబుసమని పొగ లేచింది. నిప్పురవ్వలు రాలాయి. పీచు కాలిన వాసన గుప్పుమంది. పైనున్న మనిషి “అమ్మో” అని కేక పెట్టి చెట్టుని కరుచుకుపోయాడు. ఒళ్ళంతా జివ్వుమని లాగిందట. మోకు కాలి, తెగి, కొస బురదలో పడింది. అతను ఎలా దిగాడో ఎవరికీ తెలియదు. దిగి, చేతులు ముందుకు చాపి చూసుకుంటూ కూర్చున్నాడు.  అత్తగారు మజ్జిగ పట్టుకెళ్ళి తనే తాగించారు.

అసలు సంగతి తరువాత తెలిసింది. ఊరిచివరి రైసుమిల్లువాళ్ళు ఆయిలింజను తీసేసి కరెంటు మోటారు పెట్టుకున్నారు. దానికోసం పగలు కూడా వదులుతున్నారు. టముకు ఎవరూ వెయ్యలేదు.

ఆ రోజు చెట్టు కొట్టలేదు. మంచిఘడియ దాటిపోయింది. ఆయన బతికున్నారు, ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నారు. అయినా కరెంటు భయం పోయి ఇంకో భయం వచ్చిపడింది. పేరు పలికేశాను. తీగనుంచి తప్పించి, నా నోటితోనే ఏదో చేసేశానేమో. ఆయనకి పొలమారితే నా గుండె ఆగేది. గుమ్మం తగిలి కాలివేలు చితికితే అదే మొదలనుకున్నాను. ఆయన నవ్వేవారు. “ఇంకోసారి పిలవ్వా, బాగుంది” అని ఆటపట్టిస్తే ఏడుపొచ్చేది. కోపం కూడా వచ్చేది. చావు దాకా వెళ్ళొచ్చిన మనిషికి ఎకసెక్కాలేమిటి?

అన్నిటికన్నా అత్తగారి మౌనం భయంకరంగా ఉండేది. నా ముగ్గుని వెక్కిరించడం మానేశారు. నేను కనబడితే ఏదో అనబోయి ఆగిపోయేవారు. తిడితే బాగుండునని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

కొన్నాళ్ళకి లైన్‌మాన్ వచ్చాడు. జరిగింది విని తల పట్టుకున్నాడు. లైను ఆపించి, తనే తీగలు దించి పక్కకి కట్టాడు. అప్పటికి మూఢం. బావగారు నసుగుతూ అమ్మ వంక చూశారు.

“మూఢం లేదు, ఏవీ లేదు. కొట్టించెయ్యండి” అన్నారు ఆవిడ. అని లోపలికి వెళ్ళి దొడ్డితలుపు దగ్గర నాకు వీపు పెట్టి కూర్చున్నారు. ఒక్కొక్క గొడ్డలి దెబ్బకీ ఆవిడ భుజాలు ఎగిరిపడుతున్నాయి. వెనకే నిలబడ్డాను గాని చెయ్యి వెయ్యడానికి నాకు ధైర్యం చాలలేదు. చెట్టు పడిన చప్పుడికి ఇల్లు అదిరింది. ఆవిడ వెంటనే లేచి వీధిలోకి పరిగెత్తి, మా వారు నిలబడి ఉన్నారని కళ్ళతో చూసుకుని, మళ్ళీ వచ్చి కూర్చున్నారు.

మర్నాడు పొద్దున్న నేను అంట్లు తోముతూంటే పిలిచారు. “ఇలా రా అమ్మాయ్.”

దొడ్లో, తీగలకి ఏ మాత్రం అందనంత దూరంలో గొయ్యి తీయించి ఉంది. పక్కన మొలకెత్తిన కొబ్బరిమొక్క. కొట్టేసిన చెట్టు కాయే అది, ఎప్పుడు మొలక కట్టించారో నాకు తెలియదు. మొక్కని గోతిలో నిలబెట్టి ఆవిడ నా వైపు చూశారు.

“మట్టి వెయ్యి.”

“నేనా అత్తయ్యగారూ? తల్లి కదండీ వెయ్యాలి? పేరు చెప్పాలి కదండీ?”

“మరి చెప్పు. ఆవేళ ఊరంతా వినేలా చెప్పేవుగా. నేను చెప్పి నాటిన చెట్టు పోయింది. ఆవేళ నేను వాణ్ణి పిలవలేదు, అరుగు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయేను. నీ గొంతుకి నిలబడ్డాడు.” ఆవిడ కళ్ళు నిండిపోయాయి. “నువ్వే చెప్పాలి.”

ఒక గుప్పెడు మట్టి తీశాను. ఆయన పేరు పెదవుల దాకా వచ్చి బయటికి రాలేదు. ఆవిడ నా పక్కన బురదలోనే చతికిలబడి నా భుజం మీద చెయ్యి వేశారు.

“గట్టిగా. మొక్కకి వినబడద్దూ?”

మొదటి గుప్పెడికి గొణిగాను. రెండో గుప్పెడికి ఆవిడ కూడా నాతో కలిసి పలికారు. మూడో గుప్పెడికి ఇద్దరం గొంతెత్తి పిలిచాం.

“ఆయ్!” అని లోపల్నుంచి మా వారి గొంతు పలికింది. “వస్తున్నా, ఎవరు పిలిచేరు?”